విప్పే విద్య: గండికోట ఫిరంగి పోత నుండి ల్యాప్‌టాప్ మరమ్మతు వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక యంత్రాన్ని విప్పి, లోపాన్ని గుర్తించి, మెరుగుపరచి, తిరిగి బిగించగలిగే జ్ఞానం ఎవరి వద్ద ఉంటుందన్నది సాంకేతిక చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. 1652లో గండికోటలో జరిగిన ఫిరంగుల పోత, 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశం నుండి నిష్క్రమించినప్పుడు కంప్యూటర్ల నిర్వహణలో వచ్చిన మార్పు, నేటి ల్యాప్‌టాప్ నిర్మాణం – ఈ మూడు సందర్భాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. మరమ్మతుకు సంబంధించిన తెలుగు పదజాలాన్ని కూడా చారిత్రకాధారంగా స్వీకరిస్తుంది. యంత్రం చేతిలో ఉన్నంత మాత్రాన దానిపై అధికారం రాదనీ, విప్పేందుకు వీలైన నిర్మాణం, విప్పే జ్ఞానం, ఆ జ్ఞానాన్ని చెప్పే భాష మూడూ కలిసినప్పుడే అది సిద్ధిస్తుందనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: గండికోట, మీర్ జుమ్లా, టావెర్నియర్, మరమ్మతు, టంకం, సి.ఎం.సి., ల్యాప్‌టాప్, ఇడుపులపాయ.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో నూతన ఆవిష్కరణలకు దక్కిన స్థానం మరమ్మతులకు దక్కలేదు. ఫలానా యంత్రాన్ని ఎవరు కనిపెట్టారు, అది ఏ సంవత్సరంలో మన దేశానికి వచ్చింది అనే వివరాలు గ్రంథాల్లో లభిస్తాయి. ఆ యంత్రం చెడిపోయినప్పుడు ఎవరు బాగుచేశారు, ఆ విద్యను ఎవరి వద్ద నేర్చుకున్నారు, విడిభాగాలు ఎక్కడి నుండి తెచ్చుకున్నారు అనే విషయాలు అరుదుగా నమోదయ్యాయి. యంత్రం ఆయుష్షులో తయారీకి పట్టే కాలం కొద్దిది, వాడుకలో గడిచే కాలం చాలా ఎక్కువ. ఆ వాడుక కాలాన్ని నిర్ణయించేది మరమ్మతే. కాబట్టి ఒక ప్రాంతపు సాంకేతిక జీవనాన్ని అర్థం చేసుకోవడానికి అక్కడి మరమ్మతుల చరిత్ర అవసరం.

కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలో, ఎర్రమల కొండల నడుమ, పెన్నానది కోసిన లోతైన గండి అంచున ఉన్న గండికోట ఈ పరిశీలనకు తగిన స్థలం. పెమ్మసాని నాయకుల పాలనతో ప్రసిద్ధికెక్కిన ఈ కోటను గురించి శిల్పం, రాజకీయ చరిత్ర, పర్యాటకం అనే కోణాల్లో రచనలు వచ్చాయి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఒక సాంకేతిక ప్రయత్నం జరిగి, విఫలమైందన్న అంశానికి అంత ప్రచారం లేదు. అదే జిల్లాలోని ఇడుపులపాయలో 2008 నుండి గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఆధారంగా సాంకేతిక విద్య అందుతోంది. ఈ రెండింటి మధ్య మూడున్నర శతాబ్దాల దూరం ఉంది. ఫిరంగి యుద్ధసాధనం, ల్యాప్‌టాప్ విద్యాసాధనం. రెండూ సమానమైనవని ఈ వ్యాసం ప్రతిపాదించదు. బయటి నుండి వచ్చిన సాధనం ఒక సమాజానికి ఎప్పుడు సొంతమవుతుంది అనే ఒక్క ప్రశ్న మేరకే వాటిని పక్కపక్కన ఉంచుతుంది.

2. గండికోటలో ఫిరంగుల పోత

ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తీస్త్ టావెర్నియర్ 1652 సెప్టెంబరు మొదట్లో మద్రాసు మీదుగా గండికోటకు చేరాడు. గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా అప్పుడు అక్కడే విడిది చేసి ఉన్నాడు. కోట ఆయన వశమై ఎంతో కాలం కాలేదు. టావెర్నియర్ యాత్రాగ్రంథం 1676లో ఫ్రెంచిలో అచ్చయింది, వాలెంటైన్ బాల్ ఆంగ్లానువాదం 1889లో వెలువడింది. గండికోట ముట్టడి, ఫిరంగుల పోత గురించి అందులో ఉన్న వివరాలు ప్రత్యక్ష పరిశీలన, అక్కడివారి మాటలు కలిసినవి. రచయిత వర్తకుడు కావడం వల్ల రాజకీయ ప్రశంస తక్కువగా, వస్తువుల వివరణ ఎక్కువగా కనిపిస్తుంది.

ఆయన కథనం ప్రకారం కోటకు చేరే దారి కొండను తొలిచి చేసినది, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే ఉండేది. ఒక పక్క అగాధం, దాని అడుగున నది. కోటలోని వారి వద్ద ఉన్న పెద్ద తుపాకులు రెండే, రెండూ ఇనుపవి. అయినా భౌగోళిక రక్షణ వల్ల ముట్టడి సాగింది. పైకి ఫిరంగులు చేర్చకుండా కోట లొంగదని గ్రహించిన మీర్ జుమ్లా, తన కొలువులోని ఐరోపా ఫిరంగి పనివారిని పిలిపించాడు. ఫిరంగులను ఎత్తుకు చేర్చే ఉపాయం కనిపెడితే మామూలు జీతానికి అదనంగా నాలుగు నెలల జీతం ఇస్తానని మాటిచ్చాడు. వారు నాలుగు ఫిరంగులను పైకెక్కించారు. ద్వారం మీది తుపాకీ దెబ్బతిన్నది, ద్వారం సగం కూలింది, కోటలోనివారు షరతులతో లొంగిపోయారు.

కోట చేతికి వచ్చాక మీర్ జుమ్లా మరొక పని తలపెట్టాడు. కోటలో శాశ్వతంగా ఉంచడానికి ఇరవై ఫిరంగులు పోత పోయించాలనుకున్నాడు. ఆ పనిని బూర్జ్ పట్టణానికి చెందిన క్లోద్ మాయి అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. ఈ మాయి అంతకుముందు బతావియాలో డచ్చి గవర్నరు తోటమాలిగా టావెర్నియర్‌కు పరిచితుడు. పోతకు కావలసిన రాగి కోసం ఆలయాల నుండి లోహవిగ్రహాలను సేకరించారు. గండికోట ఆలయానికి చెందిన ఆరు పెద్ద రాగి విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదు. పూజారులే మంత్రప్రయోగం చేశారని మీర్ జుమ్లా వారిని బెదిరించాడు. చివరకు మాయి ఒక్క ఫిరంగినీ సక్రమంగా పూర్తి చేయలేకపోయాడు. ఒకటి చీలిపోయింది, మరొకటి అసంపూర్తిగా మిగిలింది. అతడు పని వదిలి కొలువు విడిచి వెళ్లిపోయాడు.

ఈ ఉదంతాన్ని మతపరమైన ఘటనగా చూడటం సులభం. విగ్రహాలను కోల్పోయినవారి వేదన అందులో ఒక నిజం. దానితోపాటు ఒక సాంకేతిక సమస్య కూడా ఉంది. శుద్ధమైన రాగి కరగడానికి దాదాపు 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కంచు అంతకన్నా తక్కువ వేడికి కరుగుతుంది. మైనపు అచ్చుతో ఘనంగా పోసిన పెద్ద విగ్రహంలో లోహపు మందం ఎక్కువ. దానిని ముందుగా ముక్కలు చేయకుండా కొలిమిలో పెడితే లోపలి భాగానికి వేడి చేరడానికి చాలా సమయం, చాలా బొగ్గు, ఎడతెగని గాలి అవసరమవుతాయి. చీలిన ఫిరంగి విషయంలో లోహమిశ్రమం ఒక కారణం కావచ్చు. ఫిరంగి పోతకు సాధారణంగా పది వంతుల్లో తొమ్మిది వంతుల రాగి, ఒక వంతు తగరం వాడేవారు. వేర్వేరు ఆలయాల విగ్రహాల్లో సీసం, జింకు వంటి లోహాలు వేర్వేరు పాళ్లలో ఉంటాయి. పాళ్లు తెలియకుండా కలిపి కరిగిస్తే పోతలో పగుళ్లు రావడం సహజం.

మీర్ జుమ్లాకు ధనం, అధికారం, లోహం, మనుషులు అన్నీ ఉన్నాయి. లేనిది పనివిద్య. దానిని ఆయన జీతానికి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న విద్య కూడా అరకొరదే. విగ్రహాలు పోసే స్థపతుల సంప్రదాయం దక్షిణదేశంలో సజీవంగా ఉన్న కాలం అది. ఏ విగ్రహంలో ఏ లోహం ఎంత ఉంటుందో, దానిని ఎలా విడగొట్టాలో తెలిసే అవకాశం వారికే ఎక్కువ. టావెర్నియర్ కథనంలో వారి ప్రసక్తి లేదు. కనిపించేది జీతగాడైన విదేశీయుడు, బెదిరింపుకు గురైన పూజారులు. విప్పడం తెలియనివారి చేతిలో వస్తువు ముడిపదార్థంగా కూడా పనికిరాదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

3. మరమ్మతు మాటల సాక్ష్యం

ఒక ప్రాంతంలో ఏ సాంకేతిక జ్ఞానం ఎలా ప్రవేశించిందో అక్కడి మాటలు కూడా చెబుతాయి. గండికోట ఉదంతంలోని ముఖ్యపదమే అందుకు ఉదాహరణ. ‘ఫిరంగి’ అనే మాట ‘ఫ్రాంక్’ అనే జాతినామం నుండి పారసీకం మీదుగా తెలుగులోకి వచ్చింది. ఐరోపావారిని ‘పరంగులు’ అన్న తెలుగువారు, వారితో వచ్చిన ఆయుధాన్ని ‘ఫిరంగి’ అన్నారు. సాధనానికీ దానిని తెచ్చినవారికీ ఒకే పేరు ఉండటం, ఆ సాధనం పరాయిదన్న స్పృహను భాషలో నిలిపింది. ‘తుపాకి’ తురుష్కభాష నుండి, ‘కార్ఖానా’ పారసీకం నుండి వచ్చాయి. ‘మరమ్మతు’ అరబ్బీ మూలమున్న పదం, పారసీకం, ఉర్దూల ద్వారా మనకు చేరింది.

తెలుగువారికి సొంత మరమ్మతు పదజాలం లేదని దీనివల్ల భావించరాదు. విప్పు, ఊడదీయు, బిగించు, తొడుగు, అతుకు, సరిచేయు అనే క్రియలు దేశ్యాలు. ‘విప్పు’ అనే క్రియ ముడికీ, మూటకీ, పొడుపుకథకీ సమానంగా వర్తిస్తుంది. వస్తువును ఊడదీయడం, అర్థాన్ని తెలుసుకోవడం తెలుగు ఊహలో ఒకే పని అని ఈ ప్రయోగం సూచిస్తుంది. ‘మర’ అనే పదానికి యంత్రం అనే అర్థమూ, చుట్లు తిరిగిన మేకు అనే అర్థమూ ఉన్నాయి. ‘మరమేకు’ అనే సమాసం అలా ఏర్పడింది. చిల్లిపడిన బిందెకు ‘మాటు’ వేయడం, ఇత్తడి పాత్రకు ‘కళాయి’ పూయడం, బంగారు పనిలో ‘టంకం’తో అతకడం ఊరూరా ఉన్న వృత్తులు. నేడు ఎలక్ట్రానిక్ పనివారు ‘సోల్డరింగ్’ అంటున్న ప్రక్రియ, తక్కువ వేడికి కరిగే లోహంతో రెండు లోహభాగాలను అతికే పాత విద్యకు కొనసాగింపే.

తెలుగులోని అన్యదేశ్యాలను ప్రత్యేకంగా సేకరించిన నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగజీవితం 1820లో కడపలో మొదలైంది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో, మిశ్రభాషా పదాల నిఘంటువు 1854లో వెలువడ్డాయి. కచేరీల్లో, సైన్యంలో, వ్యాపారంలో వాడుకైన మాటలను పండితులు నిరాకరించిన కాలంలో బ్రౌన్ వాటిని వేరుగా సంపుటీకరించడం గమనార్హం. ఇరవయ్యో శతాబ్దంలో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్రసాంకేతిక పదకోశాలను ప్రచురించింది. ఈ కృషి ప్రధానంగా పాఠ్యపుస్తకాల అవసరాన్ని తీర్చింది. పనిబల్ల మీది భాష వేరుగా పెరిగింది. నట్టు, స్పానరు, స్క్రూడ్రైవరు, బోర్డు, ఐ.సి., ర్యాము అనే మాటలను పనివారు విని నేర్చుకున్నారు, తెలుగు ప్రత్యయాలు చేర్చి వాడుకున్నారు. ‘ర్యామ్ ఊడదీసి తుడిచి పెట్టు’ వంటి వాక్యంలో నామం ఆంగ్లం, క్రియలన్నీ తెలుగు. భాగం పేరు బయటిది, చేసే పని మనదని ఈ వాక్యనిర్మాణం చెబుతున్నది.

4. యజమాని వెళ్లిపోయిన యంత్రాలు: 1978

కంప్యూటర్ చరిత్రలో గండికోట ఉదంతానికి విలోమంగా నిలిచే సందర్భం 1978లో వచ్చింది. 1960, 70 దశకాల్లో భారతదేశంలోని ప్రభుత్వ, పరిశ్రమ కార్యాలయాల్లో పనిచేసిన కంప్యూటర్లలో ఐ.బి.ఎం. సంస్థవి గణనీయంగా ఉండేవి. ముఖ్యంగా 1401 రకపు యంత్రాలు ఇతర దేశాల్లో వాడుక తీరినవి. వాటిని తెచ్చి, విప్పి, శుభ్రపరచి, పాడైన భాగాలు మార్చి, తిరిగి కూర్చి, ఇక్కడి సంస్థలకు అద్దెకిచ్చేవారు. పాత యంత్రాలకు అధిక అద్దె వసూలు చేస్తున్నారన్న విమర్శ ఆ కాలంలో గట్టిగా వినిపించింది. ఆ విమర్శ సరైనదే. కాని ఆ పద్ధతి వల్ల అనుకోని ఫలితం ఒకటి కలిగింది. యంత్రాన్ని పూర్తిగా విప్పి తిరిగి కూర్చడం తెలిసిన భారతీయ ఇంజనీర్ల వర్గం దేశంలోనే తయారైంది.

1973 విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ సంస్థల వాటాపై పరిమితి విధించింది. ఆ షరతుకు అంగీకరించని ఐ.బి.ఎం. 1978లో దేశం విడిచింది. అంతకుముందే, 1975 చివరలో, కేంద్రప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. ఐ.బి.ఎం. యంత్రాల నిర్వహణ బాధ్యత ఈ సంస్థకు సంక్రమించింది. మరమ్మతునే పేరులో పెట్టుకున్న ప్రభుత్వరంగ కంప్యూటర్ సంస్థ ఇది. ఐ.బి.ఎం.లో పనిచేసిన ఇంజనీర్లలో పలువురు ఇందులో చేరారు. తరువాత ఇతర విదేశీ కంపెనీల యంత్రాల నిర్వహణను కూడా ఈ సంస్థ చేపట్టింది. 1984లో సి.ఎం.సి. లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. 1980లలో దాని పరిశోధన, అభివృద్ధి విభాగం హైదరాబాదులో ఏర్పడింది. రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటరీకరించిన తొలి వ్యవస్థ ఈ సంస్థ రూపొందించినదే. నిర్వహణతో మొదలైన సంస్థ నిర్మాణానికి ఎదగడం ఇక్కడ గుర్తించవలసిన విషయం.

హైదరాబాదులో ఇందుకు సమాంతరంగా మరొక ధార ఉంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. 1969 నాటికి టి.డి.సి.–12 అనే కంప్యూటర్‌ను దేశీయంగా నిర్మించింది. ఒక సంస్థ యంత్రాన్ని కొత్తగా కట్టి నేర్చుకున్నది, మరొకటి ఇతరుల యంత్రాన్ని విప్పి నేర్చుకున్నది. వ్యక్తిగత కంప్యూటర్లు వ్యాపించిన తరువాత సికిందరాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్, కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి అంగళ్లు విడిభాగాలకు, బాగుచేసేవారికి కేంద్రాలయ్యాయి. జిల్లాల్లోని చిన్న దుకాణదారులు ఇలాంటి అంగళ్ల మీద ఆధారపడ్డారు.

గండికోటలో విదేశీయుడు వెళ్లిపోగానే పని ఆగిపోయింది. 1978లో విదేశీ సంస్థ వెళ్లిపోయినా యంత్రాలు నడిచాయి. యంత్రం లోపలి జ్ఞానం రెండో సందర్భంలో ఇక్కడివారి చేతుల్లో ఉండటమే ఈ తేడాకు కారణం.

5. ల్యాప్‌టాప్ నిర్మాణంలో మార్పు: మర నుండి టంకం దాకా

1981లో వెలువడిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటర్‌కు సాంకేతిక వివరగ్రంథం లభించేది. అందులో విద్యుత్ వలయాల పటాలు కూడా ఉండేవి. ఆ యంత్రం ప్రపంచమంతటా అనుకరణకు, మరమ్మతుకు అనువుగా వ్యాపించడానికి ఈ బహిరంగత ఒక కారణం. 1992లో వచ్చిన థింక్‌ప్యాడ్ శ్రేణి ల్యాప్‌టాప్‌లకు ఏ మరను ఏ వరుసలో విప్పాలో చెప్పే నిర్వహణ పుస్తకాలు అందుబాటులో ఉన్నాయి. 2000 దశకపు సగటు ల్యాప్‌టాప్ అడుగున చిన్న మూతలు ఉండేవి. ఒక మూత తీస్తే ర్యామ్, మరొకటి తీస్తే హార్డ్‌డిస్క్ కనిపించేవి. బ్యాటరీ గొళ్లెం జరిపితే ఊడివచ్చేది.

ఇలాంటి యంత్రాన్ని విప్పే క్రమంలో ఒక తర్కం ఉంది. ముందు విద్యుత్తు తొలగించాలి, బ్యాటరీ సంధానాన్ని విడదీయాలి. అడుగు మరలన్నీ ఒకే పొడవువి కావు. పొట్టి మర ఉండవలసిన చోట పొడవు మర బిగిస్తే బోర్డుకు గాయమవుతుంది. అందుకే పనివారు తీసిన మరలను తీసిన వరుసలోనే అమర్చుకుంటారు. మూత అంచులను లోహపు పనిముట్టుతో కాక పలుచని ప్లాస్టిక్ బద్దతో విడదీస్తారు. కీబోర్డు, టచ్‌ప్యాడ్‌లను బోర్డుతో కలిపే పట్టీ తీగలకు సన్నని గొళ్లెం ఉంటుంది. దానిని ఎత్తకుండా లాగితే తెగుతుంది. ర్యామ్ పలకను రెండుపక్కల కొక్కేలు విడిపిస్తే ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తది కొనేముందు దాని తరం, వోల్టేజి సరిపోవాలి. మూడోతరపు డి.డి.ఆర్. ర్యామ్‌లో 1.5 వోల్టులది, 1.35 వోల్టులది అనే భేదం ఉంది. తిరిగే పళ్లేలున్న హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చితే పాత యంత్రం వేగం స్పష్టంగా పెరుగుతుంది. చిప్పుకూ వేడిని లాగే రాగి గొట్టానికీ మధ్య ఎండిపోయిన లేపనాన్ని తుడిచి కొత్తది పూయడం, ఫ్యానులోని ధూళి తొలగించడం నిర్వహణలో భాగాలు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే, గాలిలో ధూళి ఎక్కువగా ఉండే రాయలసీమలో ఈ చివరి రెండు పనులూ యంత్రపు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

2008లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్‌ను బోర్డుకే టంకంతో అతికారు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని కూడా జిగురుతో అంటించారు. 2011 తరువాత సన్నని ల్యాప్‌టాప్‌లకు ఆదరణ పెరగడంతో ఇతర కంపెనీలూ చాలావరకు ఈ దారి పట్టాయి. ఈ మార్పుకు సాంకేతిక సమర్థన ఉంది. తక్కువ విద్యుత్తు వాడే ర్యామ్ చిప్పులు ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉంటే వేగం పెరుగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, మందం తగ్గుతుంది. నష్టం వాడుకదారుడిది. కొన్ననాడు ఎంచుకున్న ర్యామ్ చివరిదాకా అంతే. ఒక చిప్పు చెడితే బోర్డంతా మార్చవలసి వస్తుంది. జిగురుతో అంటించిన లిథియం బ్యాటరీని తీసేటప్పుడు చిల్లిపడితే మంటలు లేచే ప్రమాదం ఉంది.

అతికించడం మరమ్మతుకు శత్రువని దీని అర్థం కాదు. బిందెకు మాటు వేసేవాడి చేతిలో టంకం వస్తువు ఆయుష్షును పెంచింది. నేటి ల్యాప్‌టాప్‌లో అదే టంకం వస్తువును తెరవరానిదిగా చేస్తున్నది. పదార్థం ఒకటే, ఎవరి చేతిలో ఉన్నదన్నదే ఫలితాన్ని మార్చింది. నైపుణ్యమున్న పనివారు వేడిగాలితో చిప్పును లేపి కొత్తది అతకగలరు. దానికి ఖరీదైన పరికరం, వలయపటం, విడిచిప్పు కావాలి. చివరి రెండింటినీ తయారీదారులు సాధారణంగా బయటి పనివారికి ఇవ్వరు.

6. ఇడుపులపాయ: చేతికి వచ్చిన యంత్రం

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలతో ఏర్పడింది. పదోతరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ల సమీకృత సాంకేతిక విద్య అందించడం దాని ఉద్దేశం. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి దాని తొలి కులపతి. ప్రతి విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇవ్వడం ఈ విద్యావిధానంలో భాగమైంది. ఇంట్లో అంతకుముందు కంప్యూటర్ లేని ఎందరో రాయలసీమ విద్యార్థులకు చేతికి వచ్చిన తొలి యంత్రం అదే.

ఈ పథకం సామాజిక ప్రాముఖ్యం నిర్వివాదం. గండికోట ఉదంతం వెలుగులో ఒక ప్రశ్న మిగులుతుంది. ఆరేళ్లు నడవవలసిన యంత్రం, మెట్టప్రాంతపు ఎండలో, వసతిగృహపు గదిలో, రోజంతా వాడుకలో ఉంటుంది. కొత్త యంత్రం కొనుక్కునే స్తోమత లేని కుటుంబానికి ర్యామ్ పెంచుకోవడం, బ్యాటరీ మార్చుకోవడం, ఫ్యాను శుభ్రం చేసుకోవడం చదువు కొనసాగడానికి సంబంధించిన విషయాలు. మరమ్మతు సాధ్యం కాని యంత్రం ధనిక విద్యార్థికి అసౌకర్యం, పేద విద్యార్థికి చదువులో అంతరాయం. కాబట్టి ప్రభుత్వధనంతో సామూహికంగా కొనే యంత్రాలకు ధర, వేగం లాంటి ప్రమాణాలతోపాటు విప్పగలిగే లక్షణాన్ని కూడా ప్రమాణంగా చేర్చడం సమంజసం. నిర్వహణ పుస్తకం, నిర్ణీత కాలం పాటు విడిభాగాల లభ్యత, మరలతో బిగించిన బ్యాటరీ, మార్చదగిన నిల్వపలక – ఈ నాలుగు షరతులు కొనుగోలు పత్రంలో రాయడానికి వీలైనవే.

7. చట్టం, భాష

మరమ్మతు హక్కును గురించిన చర్చ అంతర్జాతీయంగా బలపడింది. ఫ్రాన్సు 2021 జనవరి నుండి ల్యాప్‌టాప్‌లతో సహా కొన్ని వస్తువులపై మరమ్మతు సూచిని ముద్రించాలని నిర్దేశించింది. అదే సంవత్సరం ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ భాగాలన్నీ మార్చుకోదగిన ల్యాప్‌టాప్‌ను విడుదల చేసి, సన్నని యంత్రం కూడా విప్పదగినదిగా ఉండవచ్చని చూపింది. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు వెబ్‌ద్వారం ప్రారంభమైంది. 2022 ఈ–వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి, వాడుక తీరిన పరికరాల బాధ్యతను తయారీదారులపై ఉంచాయి.

ఈ చర్యలు అవసరమైనవి. అయితే వ్యర్థాల నియమాలు ప్రధానంగా వస్తువు చనిపోయిన తరువాతి దశకు వర్తిస్తాయి. పాత బోర్డును కరిగించి రాగి, బంగారం తీయడం గండికోటలో విగ్రహాలను కొలిమిలో పెట్టిన పనికి దగ్గరిది. వస్తువు రూపంలో ఉన్న శ్రమ, జ్ఞానం రెండూ అందులో కాలిపోతాయి, లోహం మాత్రం మిగులుతుంది. మరమ్మతు ఆ రూపాన్ని నిలుపుతుంది. అందుచేత కరిగించడానికి ముందు విప్పడానికి అవకాశమిచ్చే విధానం ఆర్థికంగానూ పర్యావరణపరంగానూ మెరుగైనది.

చట్టం ఇవ్వలేనిది భాష. తయారీదారు నిర్వహణ పుస్తకాన్ని బహిర్గతం చేసినా అది ఆంగ్లంలో ఉంటుంది. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో దుకాణం పెట్టుకున్న పనివాడు చేతితో నేర్చినదాన్ని కాగితం మీద నిలపడానికి తగిన తెలుగు రచనలు బహుస్వల్పం. బ్రౌన్ తన కాలపు మిశ్రపదాలను ఏరి కూర్చినట్లు, నేటి పనిబల్లల మీది మాటలను సేకరించి, మర, టంకం, మాటు, గొళ్లెం, పట్టీ వంటి పాత మాటలు సరిపోయేచోట వాటిని కలిపి, మరమ్మతు పదకోశాన్ని రూపొందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. వాడుకలో స్థిరపడిన ‘ర్యామ్’ను తొలగించి కొత్త సమాసం కల్పించవలసిన పనిలేదు. క్రియ తెలుగులో ఉన్నంతకాలం విద్య తెలుగులో నిలుస్తుంది.

8. ముగింపు

గండికోట పోతలో లోహం ఉంది, పనివిద్య లేదు. 1978లో యజమాని లేకపోయినా విద్య ఉంది, యంత్రాలు నడిచాయి. నేటి ల్యాప్‌టాప్ విషయంలో విద్య ఉన్న పనివారు ఉన్నారు, యంత్రపు నిర్మాణం వారికి మూసుకుపోతున్నది, వారి విద్యకు లిఖితభాష లేదు. ఈ మూడు సందర్భాలను కలిపి చూసినప్పుడు ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

● యంత్రాన్ని కొనడం వల్ల లభించేది వాడుక మాత్రమే. విప్పి తిరిగి కూర్చగలిగినప్పుడే దానిపై అధికారం లభిస్తుంది.

● జీతానికి తెచ్చుకున్న విద్య స్థానికులకు బదిలీ కాకపోతే ఆ విద్య తెచ్చినవాడితోనే వెళ్లిపోతుంది.

● నిర్వహణ తక్కువస్థాయి పని అనే భావన చారిత్రకంగా నిలవదు. సి.ఎం.సి. వంటి సంస్థ నిర్వహణ నుండే నిర్మాణానికి ఎదిగింది.

● విద్యార్థులకు ప్రభుత్వాలు ఇచ్చే యంత్రాల కొనుగోలులో మరమ్మతు యోగ్యతను ప్రమాణంగా చేర్చాలి.

● మరమ్మతు హక్కు ప్రజలకు చేరాలంటే నిర్వహణ సమాచారం తెలుగులో ఉండాలి, దానికి పనివారి పదజాల సేకరణ తొలిమెట్టు.

కోటలో ఉంచాలనుకున్న ఇరవై ఫిరంగుల్లో ఒక్కటీ సక్రమంగా తయారు కాలేదు. ఆ నష్టం ఒక మంత్రిది. తెరవరాని ల్యాప్‌టాప్ చెడినప్పుడు నష్టం ఒక మెట్టపల్లె విద్యార్థిది. ఈ రెండో నష్టాన్ని నివారించే జ్ఞానం ఇప్పటికే చిన్న పట్టణాల దుకాణాల్లో ఉంది. దానిని గుర్తించి, నమోదు చేసి, పాఠంగా మార్చవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది.